నలుగురికీ ఒకటే కీబోర్డు

నేను మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నానంటే మా వీధిలో ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మినా అదేమిటో వాళ్ళకి తెలియదు. ఆ మాటకొస్తే నాకూ పూర్తిగా తెలుసని చెప్పలేను. ఆ పెద్ద మెషీనును నేనెప్పుడూ చూడలేదు. అది హైదరాబాదులో ఎక్కడో ఉండేది. రాజమండ్రిలో మేం దాని తెర మాత్రం చూసేవాళ్ళం, అదీ నాలుగో వంతు తెర.

రెండు వేల సంవత్సరం వచ్చేస్తోందని, ఆ తేదీకి కంప్యూటర్లు ఆగిపోతాయని, పాత ప్రోగ్రాములన్నీ తిరగరాయాలని, కోబాల్ అనే కంప్యూటరు భాష వచ్చినవాళ్ళకి కంపెనీలు ఎదురొచ్చి ఉద్యోగాలిస్తున్నాయని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. నేను బి.ఎస్సీ. లెక్కలు చదివాను. పెళ్ళయింది, పాప పుట్టింది. పాపతో పుట్టింట్లోనే ఉండిపోయాను. మా ఆయన హైదరాబాదులో మందుల కంపెనీ ఆఫీసులో పనిచేసేవారు. ఒక్క గదిలో ఇంకో ముగ్గురితో కలిసి ఉండేవారు. ఆయన ఒక్కరి జీతంతో అక్కడ ఇల్లు తీసుకోవడం కుదరదు. నాకు కూడా ఉద్యోగం వస్తే చిన్న పోర్షన్ ఒకటి చూసుకుని, పాపను తీసుకెళ్ళి, ముగ్గురం ఒకచోట ఉండొచ్చు. ఆ కోర్సులో చేరింది అందుకే. కోబాల్ మీద ప్రేమతో కాదు. పాప అప్పుడప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. అది నడిచే రోజు వాళ్ళ నాన్న ఎదురుగా ఉండాలి. ఆ ఏడాది నేను కోరుకున్నది అదొక్కటే.

మా ఇన్‌స్టిట్యూట్ దానవాయిపేటలో ఒక మేడ మీద ఉండేది. కింద ఎస్టీడీ బూత్, పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. నేర్పే సర్ బొంబాయిలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. గదిలో కంప్యూటర్లు చాలా ఉండేవిగానీ హైదరాబాదు మెషీనుతో కలిసేది ఒక్కటే. ఫోను లైను మీద కలపాలి. లైను కలిసి ఉన్నంతసేపూ బిల్లు పడుతూనే ఉంటుందని సర్ ముఖం ఎప్పుడూ గోడ గడియారం వైపే ఉండేది. అందుకని బ్యాచికి నలుగురం, నలుగురికీ కలిపి ఆ ఒక్క కంప్యూటరు. ఒకే తెర మీద ఆయన నాలుగు విండోలు తెరిచి పెట్టేవారు. ఒక్కోదాని కింద ఎడమ మూలన ఒక అక్షరం, ఎ, బి, సి, డి. ఇక్కడ లైను ఒకటే, కుర్చీలు దగ్గరదగ్గరగా లాక్కుని మోచేతులు తగులుకుంటూ కూర్చున్నది నలుగురం. అవతల ఆ మెషీనుకి మాత్రం నాలుగు ఊళ్ళ నుంచి నలుగురు మనుషులు వచ్చినట్టే లెక్క.

ఎ విండో బ్యాంకులో గుమాస్తాగా చేస్తున్న పెద్దాయనది. పెద్దవారు కాబట్టి మొదటిది ఆయనకని మేమే అన్నాం. బి మండపేట దగ్గర వ్యవసాయం చేసుకునే వాళ్ళ అబ్బాయిది. సి నాది. డి నరసాపురం నుంచి వచ్చిన అమ్మాయిది. వాళ్ళమ్మ లేసు అల్లి ఆమెను చదివించింది. రాజమండ్రిలో చర్చివాళ్ళ హాస్టల్లో ఉండేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది.

ఏదైనా టైపు చేసి ఎంటర్ కొడితే విండో అడుగున ఒక ఇంటూ గుర్తు, దాని పక్కన బుల్లి గడియారం బొమ్మ పడేవి. మెషీను పనిలో ఉంది, ఆగమని అర్థం. అది పోయేదాకా ఆ విండోలో ఏ మీట నొక్కినా పలకదు. మా ఫోను లైను మీద ఆ గడియారం ఎంతకీ పోయేది కాదు. ఆ సమయం వృథా కాకూడదని సర్ ఒక పద్ధతి పెట్టారు. గడియారం పడగానే చేతులు తీసేసి కీబోర్డును కుడిపక్కవాళ్ళకి జరపాలి. వాళ్ళు తమ విండోను ముందుకు తెచ్చుకుని పని చేసుకోవాలి. వాళ్ళకి గడియారం పడగానే మళ్ళీ పక్కకి. డి దాకా వెళ్ళాక కీబోర్డు తీగ లాగి మళ్ళీ ఎ దగ్గరికి.

"గడియారం పడిందండి. ఇలా జరపండింక," అనేవాడు మండపేట అబ్బాయి.

"ఉండవయ్యా బాబూ, ఏం కొట్టానో ఒకసారి చూసుకోనీ," అనేవారు బ్యాంకాయన.

"చూడ్డానికి కీబోర్డెందుకండీ, కళ్ళద్దాలు చాలవా?"

చివర కూర్చున్న నరసాపురం అమ్మాయి చేతులు కట్టుకుని నిట్టూర్చేది. "శివారు చేలకి నీళ్ళెప్పుడొదులుతారండీ?"

"ఆయ్, ఎగువోళ్ళం తడుపుకున్నాక మిగిల్తే వస్తాయండి. కాలవ కింద వంతులంటే అంతే కదండీ."

"మరి శివారోళ్ళకి ఒళ్ళు మండితే వచ్చి తూము తలుపు ఎత్తేస్తారండి. అదీ ఉంది కదా కాలవ కింద?"

అందరం నవ్వేవాళ్ళం. సర్ కూడా, గోడ గడియారం వంక చూస్తూనే. ఆ వంతులకి మా చేతులు ఎంత అలవాటు పడ్డాయంటే, కొన్నాళ్ళకి బొమ్మ పడిందో లేదో చూడనక్కర్లేకుండానే ఎంటర్ కొట్టిన చెయ్యి కీబోర్డును కుడివైపు తోసేసేది. ఇంకొకరి విండోలో వేలు పెట్టడం మాత్రం ఎవరూ చేసేవారు కాదు. పొరపాటున ఇంకో అక్షరం ముందుకు వస్తే, "అయ్యో, మీది వచ్చేసిందండి, ఏమీ అనుకోకండి," అని పక్కవాళ్ళకి చెప్పుకునేవాళ్ళం. పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినంత తప్పుగా ఉండేది.

ఆ విండోలు తెరవడం మాత్రం మాకెవరికీ తెలియదు. మేం వచ్చేలోపే సర్ తలుపు వేసుకుని అన్నీ సిద్ధం చేసేవారు. పాస్‌వర్డు తప్పు పడితే ఐడీ బిగుసుకుపోతుందని, అవతలివాళ్ళు మళ్ళీ ఇచ్చేదాకా క్లాసు ఉండదని ఆయన భయం. ఒకసారి బ్యాంకాయన, "అది కూడా కాస్త చూపిద్దురూ," అని అడిగారు. "మీకెందుకండీ, కంపెనీలో ఆ పని చూసే వాళ్ళు వేరే ఉంటారు, మీరు ప్రోగ్రాం రాయండి చాలు," అన్నారు సర్. మాకూ సబబుగానే తోచింది.

ఒకరోజు క్లాసు మధ్యలో లైను తెగింది. నాలుగు విండోలూ ఒక్కసారి చచ్చిపోయాయి. పొద్దున పాపకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. పళ్ళు వస్తున్నాయని అమ్మ చెబుతూనే ఉంది. నేనే వినలేదు. పొద్దుటి నుంచి ప్రతి గడియారం బొమ్మకీ నాకు పాప నుదురే గుర్తొస్తోంది. సర్ మళ్ళీ కలిపేలోపు వచ్చేద్దామని గబగబా మెట్లు దిగి బూత్‌కి వెళ్ళాను. మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటికి చేస్తే వాళ్ళు అమ్మను పిలవాలి.

అమ్మ రొప్పుతూ వచ్చి ఫోను తీసింది. "ఇందాకేగా చేశావు? మళ్ళీ ఏంటే?"

"ఒళ్ళు ఎలా ఉంది?"

"చల్లగానే ఉంది. పడుకుంది."

"పడుకుందా? దగ్గరెవరున్నారు?"

"నువ్వు ఫోను చేశావుగా, ఎవరుంటారు? నీ ఫోను కోసం దాన్నొదిలేసి నేనిక్కడున్నాను. పెట్టెయ్, వెళ్తాను."

ఆ జవాబుతో నాకు ఇంకో బెంగ పట్టుకుంది. అమ్మ ఇంటికి చేరే సమయం ఇచ్చి, మళ్ళీ పక్కింటికే చేసి, పాప మంచం మీద నుంచి పడలేదు కదా అని వాళ్ళనడిగాను. వాళ్ళమ్మాయి వెళ్ళి చూసి వచ్చి, నిద్రపోతోందని చెప్పింది. అప్పుడు మెట్లెక్కాను.

పైకి వెళ్ళేసరికి నాలుగు విండోలూ తెరిచి ఉన్నాయి. నా సి నాకోసం ఎదురుచూస్తోంది. ముగ్గురి ముఖాల్లోనూ ఏదో సరదా.

"అక్కా, ఎక్కడికెళ్ళిపోయారు? సర్ ఇవాళ మా ముందే కలిపారు. విండోలు ఎలా తెరవాలో మొత్తం చూపించారు," అంది నరసాపురం అమ్మాయి.

"ఇవాళే ఎందుకు చూపించారు?"

"తలుపేసుకుని మమ్మల్ని బయటికి పంపితే టైము పోతుందని. పెద్ద పనేం కాదక్కా. క్లాసయ్యాక కూర్చోండి, కాగితం మీద గీసి చెప్తాను."

క్లాసయ్యాక నేను కూర్చోలేదు. పాప లేచి ఉంటుంది. "సర్ తెరుస్తారుగా, చూద్దాంలే," అని చెప్పులేసుకున్నాను. ఆమె ఆ తర్వాత కూడా అడిగింది. నేనేమో మళ్ళీ మళ్ళీ రేపన్నాను. ఆ రేపుకి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒకసారి దగ్గు, ఒకసారి విరేచనాలు, ఇంకోసారి ఊరికే నా భయం.

కోర్సు అయిపోయాక హైదరాబాదులో ఒక కంపెనీ పరీక్షకి పిలిచింది. మా నలుగురిలో నరసాపురం అమ్మాయీ నేనూ వెళ్ళాం. పాపను అమ్మ దగ్గర వదిలి ఒక రాత్రంతా దూరంగా ఉండడం అదే మొదటిసారి. తెల్లారి స్టేషన్లో దిగేసరికి రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి, జాకెట్టు తడిసింది. మా ఆయన ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. నేను దిగగానే నా వెనక్కి చూశారు, పాపను తీసుకురాలేదని తెలిసి కూడా. "పరీక్షవగానే నీకొకటి చూపిస్తాను," అన్నారు. ఏమిటో చెప్పలేదు.

పరీక్ష గది చల్లగా ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో కంప్యూటరు, ఒక్కో కీబోర్డు. నాకు రెండు వైపులా ఖాళీ కుర్చీలు వదిలారు. ఇచ్చిన కాగితంలో మొదటి పని, మల్టీ విండో సెషన్ మొదలుపెట్టి మూడు విండోలు తెరవడం. ఒకదాంట్లో ప్రోగ్రాం, రెండో దాంట్లో డేటా, మూడో దాంట్లో ఫలితం. దాని కింద ఐడీలు రాసి ఉన్నాయి. తెర మీద ఒక్క మెనూ తప్ప ఏమీ లేదు.

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

భయపడి కాదు. అది నా పని అని నాకు తట్టలేదు. ఎవరో ఒకరు వచ్చి తెరిచి వెళ్తారు, అప్పుడు మొదలుపెడదాం అని మర్యాదగా కూర్చున్నాను. చుట్టూ టకటకా మీటల చప్పుడు. కాసేపటికి పరీక్ష చూస్తున్న అతను నా దగ్గరికి వచ్చాడు. నా వయసే ఉంటుంది.

"ఏమైంది మేడమ్? స్టార్ట్ చెయ్యలేదు?"

"మీరు తెరిచి ఇస్తే చేసుకుంటానండి. నాకు సి ఇస్తే చాలండి."

"సి ఏంటి?"

"సి విండోనండి."

అతనికి నిజంగానే అర్థం కాలేదు. నా ముఖం చూసి, తెర చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "మేడమ్, ఇది మొత్తం మీదే. ఎన్ని కావాలంటే అన్ని తెరుచుకోండి," అన్నాడు. వంగి మెనూలో ఒక వరస మీదికి వెళ్ళి, ఎన్ని విండోలో ఒక అంకె కొట్టాడు. ఎ, బి, సి మూడూ తెర మీద పరుచుకున్నాయి. అంతే. నరసాపురం అమ్మాయి కాగితం మీద గీసి చెప్తానన్నది ఇంతే.

అప్పుడైనా సర్దుకోవాల్సింది. సి విండోలో ఐడీ కొట్టి లోపలికి వెళ్ళాను. ఎంటర్ కొట్టాను. గడియారం అలా వచ్చి రెప్పపాటులో పోయింది. చూసుకుంటే నా చేతులు గాల్లో ఉన్నాయి, కీబోర్డు కుడివైపు ఖాళీ కుర్చీ ముందుకి జరిగిపోయి ఉంది. వెనక్కి లాక్కున్నాను. మళ్ళీ ఎంటర్, మళ్ళీ అదే. ముందు వరసలో నరసాపురం అమ్మాయి కూడా ఒకసారి కీబోర్డును తోసేయడం చూశాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, లాక్కుని, మళ్ళీ ఎప్పుడూ తొయ్యలేదు. నాకు నవ్వు రాలేదు. ఇంటి దగ్గర పాప పాలు తాగిందో లేదో అన్న ధ్యాసతో నా చేతుల మీద నాకే అదుపు లేదు.

ఇంకా విచిత్రం, నేను పనంతా సి లోనే చేశాను. డేటా చూడాల్సి వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం మూసేసి, డేటా తెరిచి, అది బుర్రలో పెట్టుకుని, మూసేసి మళ్ళీ ప్రోగ్రాం తెరిచాను. ఎ, బి రెండూ వెనకాల ఖాళీగా మెరుస్తూనే ఉన్నాయి. వాటి మీదికి చెయ్యి వెళ్ళలేదు. అవి బ్యాంకాయనవీ మండపేట అబ్బాయివీ అన్నట్టు, వాళ్ళిప్పుడే టీ తాగి వచ్చి కూర్చుంటారన్నట్టు అనిపించింది. టైము అయిపోయిందని చెప్పేసరికి ప్రోగ్రాం సగంలో ఉంది. రాసినంతవరకూ తప్పు లేదు. ఆ మాట అతనూ అన్నాడు. "లాజిక్ బాగుంది మేడమ్. మిగతా విండోలు ఎందుకు వాడుకోలేదు?"

"అలవాటు లేదండి," అన్నాను.

బయటికి వచ్చాక మా ఆయన రెండు బస్సులు మార్చి నన్ను ఒక వీధికి తీసుకెళ్ళారు. వెనకవైపు పోర్షన్, రెండు చిన్న గదులు, గట్టు ఉన్న వంటిల్లు, పెరట్లో కుళాయి. ఇంటావిడ తాళం తీసి మమ్మల్ని లోపలికి పంపింది.

"ఎలా ఉంది?" అన్నారు.

"ఏవండీ, నాకు రాదు."

"ఏది?"

"ఉద్యోగం. సగమే చేశాను."

ఆయన గది మధ్యలో నిలబడి తల పైకెత్తారు. "కొక్కెం చూశావా? ఉయ్యాలకి పనికొస్తుంది. గట్టిదే, నేను లాగి చూశాను," అన్నారు. మళ్ళీ అందుకుని లాగి చూపించారు. వెళ్ళేటప్పుడు ఇంటావిడ, "పాపను ఎప్పుడు తెస్తారమ్మా?" అని నన్నడిగింది. "ఫలితాలు రావాలండి," అని ఆయనే చెప్పారు.

ఫలితం సర్‌కి ఫోనులో వచ్చింది. నరసాపురం అమ్మాయికి వచ్చింది, నాకు రాలేదు. ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అక్కా, వెళ్ళమంటారా?" అంది. "ఏం మాటే అది? వెళ్ళకపోతే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాను. నిజంగానే సంతోషించాను. ఆమె వెళ్ళాక స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ తర్వాత ఎన్నాళ్ళో కాకుండానే రెండు వేల సంవత్సరం రానే వచ్చింది. దేశంలో ఏ కంప్యూటరూ ఆగలేదు. కోబాల్ వాళ్ళని పిలిచేవాళ్ళు లేకపోయారు. మా మేడ మీద ఇన్‌స్టిట్యూట్ తీసేసి టైలరింగ్ క్లాసులు పెట్టారు. ఆ పరీక్ష నాకు మొదటిదీ చివరిదీ అయింది.

పాప నడిచింది. వంటింటి గడప నుంచి వసారా దాకా, అమ్మ చేతుల్లోకి. నేను పక్కింటికి పరిగెత్తి హైదరాబాదుకి ఫోను చేశాను. ఆయన గది కింద కిరాణా కొట్టులో ఎవరో తీసి, పైకి వెళ్ళి పిలిచారు. "పడిపోయిందా? దెబ్బ తగిలిందా?" అని అడిగారు ఆయన. నడిచిందని చెప్పాను. "ఇప్పుడు మళ్ళీ నడిపించు, ఇక్కడి నుంచి వింటాను," అన్నారు. వినడానికి ఏముంటుంది?

నెలకోసారి వచ్చేవారు. పాపకి మాటలు వచ్చాక, ఇంట్లో రోజూ కనిపించే మా నాన్నను నాన్న అని, ఈయన్ను హైదరాబాద్ నాన్న అని పిలిచేది. మేం దిద్దితే అప్పటికి సరేనని, మళ్ళీ అలాగే పిలిచేది. చివరికి ఆయనే ఆ ఉద్యోగం వదిలేసి, రాజమండ్రిలో మందుల హోల్‌సేల్ షాపులో చేరారు. అప్పటికి పాప బడికి వెళుతోంది. ఆ తర్వాత మాకు బాబు పుట్టాడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఆయన పొట్ట మీదే పడుకున్నాడు.

ఉద్యోగం రాలేదన్న బాధ నాకిప్పుడు లేదు. బూత్‌కి వెళ్ళకుండా ఆ కాసేపు మేడ మీదే కూర్చుని ఉంటే బాగుండేదన్న బాధ మాత్రం పోవడం లేదు. పాపకి ఆ రోజు ఏమీ కాలేదు. పడుకుని ఉంది. నేను దిగి వెళ్ళడం వల్ల దానికి ఒరిగింది ఏమీ లేదు. అయినా నేను మారిందీ లేదు. ఇది రాస్తూ మధ్యలో లేచి, మామూలు జలుబుతో పడుకున్న బాబు నుదురు తడిమి వచ్చాను.

అమ్మ పాపకి చిన్నప్పుడే నేర్పిన మర్యాద ఒకటుంది. గుమ్మంలోకి బయటివాళ్ళెవరొచ్చినా మంచినీళ్ళు తెచ్చివ్వాలి. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ, ఇంత పిల్ల, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఒలకబోసుకుంటూ తెచ్చి ఇచ్చి, మళ్ళీ అమ్మ కొంగు వెనక్కి వెళ్ళిపోయేది. ఇప్పుడు రెండో తరగతి. ఈ సాయంత్రం ఆయన షాపు నుంచి వచ్చేసరికి బాబు పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి చుట్టుకున్నాడు, జేబులు వెతికాడు, భుజమెక్కాడు. పాప హోంవర్కు పక్కన పెట్టి లేచింది. గ్లాసు నిండా నీళ్ళు పట్టి, కింద పళ్ళెం పెట్టి తెచ్చి, ఆయన తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"చూశావా, ఎంత మర్యాదో," అన్నారు ఆయన మురిసిపోతూ.

"అవునండి," అన్నాను.